గిన్నె కడిగే ముందు తుడువు

అమ్మలూ,

నిన్న ఫోన్‌లో మాటల మధ్య, మిగిలిన నూనె సింకులో పోసి వెనకాలే వేడినీళ్లు వదిలేస్తున్నానన్నావు. అప్పుడే చెబుదామనుకుని, తీరిగ్గా రాస్తేనే నయమని ఊరుకున్నాను.

వేడినీళ్లు పోసినా, లిక్విడ్ కలిపినా జిడ్డు మాయమైపోదమ్మా. కాస్త దూరం జరిగి, నీళ్లు చల్లారగానే అక్కడ పేరుకుంటుంది. నేనూ ఏళ్ల తరబడి నీలాగే చేశాను. ఒకరోజు సింకులోకి మురుగు ఎగదన్నింది. ప్లంబర్ గొట్టం విప్పితే లోపల వేలు దూరేంత సందే మిగిలింది. మిగతాదంతా మైనంలా తెల్లగా గడ్డకట్టిన జిడ్డు. గోటితో గీకితే పొరలు పొరలుగా ఊడింది. అది ఒక్కనాడు పారబోసిన నూనె కాదు, రోజూ గిన్నెలకంటిన జిడ్డు.

వీధి కింద కాలువలోకి చేరితే ఇంకా చేటు. నూనెలోని కొవ్వు ఆమ్లాలు అక్కడి కాల్షియంతో కలిసి సబ్బులాంటి గట్టి ముద్దవుతాయి. టాయిలెట్లలో పడేసిన వైప్స్ దానికి చుట్టుకుంటాయి. 2017లో లండన్‌లోని వైట్‌చాపెల్ వీధి కింద అలాంటి గడ్డ బయటపడింది. పొడవు 250 మీటర్లు, బరువు 130 టన్నులు! మనుషులు ఆ మురుగులోకి దిగి, వారాల తరబడి పగలగొట్టి తీశారు. సింకు ముందు నిలబడ్డప్పుడల్లా నాకు వాళ్లే గుర్తొస్తారు.

అందుకే గిన్నెకు నీళ్లు తగలకముందే పాత కాగితంతో జిడ్డంతా తుడిచెయ్యి. మిగతావన్నీ మరిచిపోయినా ఇదొక్కటి మరవకు. ఆ కాగితం చెత్తబుట్టలో వెయ్యి, పొయ్యి పక్కన మాత్రం ఉంచకు.

మూకుట్లో మిగిలిన నూనెను బాగా చల్లారాకే మూత బిగించే డబ్బాలోకి వంపు. వేడి మీద ప్లాస్టిక్ సీసాలో పోస్తే సీసా కరిగి చేతులు కాలతాయి. వాడిన నూనె తీసుకునేవాళ్లు మీ దగ్గరుంటే డబ్బా నిండాక వాళ్లకివ్వు, దాన్నుంచి బయోడీజిల్ చేస్తారు. లేదంటే రంపపు పొట్టులోనో చించిన కాగితాల్లోనో ఇంకనిచ్చి, మూటకట్టి చెత్తలో వెయ్యి. మొక్కల మొదట్లో పోయకు, మట్టి మీద పొరకట్టి నీళ్లు దిగనివ్వదు.

ఇప్పటిదాకా పోసినదానికి దిగులుపడకు. నీళ్లు నెమ్మదిగా దిగుతున్నట్టు అనిపిస్తే మాత్రం ఘాటు మందులేవీ పొయ్యకుండా, సింకు కింద వంపు గొట్టం విప్పించి చూడు. జిడ్డు ముందు అక్కడే పట్టేస్తుంది.

నీ
పెద్దమ్మ