జనరేటర్‌లోని అయస్కాంతం శక్తి అయిపోదా? లోడు పెరిగితే ఇంజన్ ఎందుకు బరువెక్కుతుంది?

మీరు అడిగినవి రెండు విషయాలు. అయస్కాంతం తిరిగినంత మాత్రాన కరెంటు పుడుతుంటే ఆ అయస్కాంతం శక్తి కొంతకాలానికి హరించుకుపోదా అన్నది మొదటిది. లైట్లు, మోటార్లు ఒక్కొక్కటిగా వేస్తున్నకొద్దీ ఇంజన్ శబ్దం ఎందుకు మారుతుందన్నది రెండవది. డీజిల్ జనరేటర్ సెట్ల మరమ్మతు పనిలో చాలాకాలంగా ఉన్నవాడిని కనుక ఈ ప్రశ్నలు నాకు తరచుగా ఎదురవుతుంటాయి. రెండింటికీ జవాబు ఒకటే: అయస్కాంతం నుంచి ఖర్చయ్యేది ఏమీ లేదు, ఖర్చయ్యేదంతా షాఫ్టును తిప్పే శ్రమే.

మైకేల్ ఫారడే 1831లో గమనించిన సంగతి ఇక్కడ ముఖ్యం. తీగచుట్టలోకి అయస్కాంతాన్ని తోస్తున్నప్పుడూ, బయటికి లాగుతున్నప్పుడూ మీటరు ముల్లు కదిలింది. అయస్కాంతాన్ని చుట్టలోనే కదలకుండా ఉంచితే, అది ఎంత బలమైనదైనా ముల్లు సున్నా దగ్గరే నిలిచింది. అంటే వోల్టేజిని పుట్టించేది అయస్కాంతం ఉండటం కాదు, చుట్ట గుండా పోయే అయస్కాంత బలరేఖల సంఖ్య మారుతూ ఉండటం. ఆ మార్పు ఆగకుండా జరగాలంటే అయస్కాంతాన్ని తిప్పడమే అన్నిటికన్నా సులువైన మార్గం. ఉత్తర ధ్రువం చుట్ట భుజాన్ని దాటేటప్పుడు వోల్టేజి ఒక దిశలో పెరిగి తగ్గుతుంది, వెనకే వచ్చే దక్షిణ ధ్రువం దాటేటప్పుడు ఎదురు దిశలో పెరిగి తగ్గుతుంది. కనుక తిరిగే యంత్రం తనంతట తానుగా ఇచ్చేది ఏసీనే. డీసీ కావాలంటే అదనంగా ఒక ఏర్పాటు చేయాలి. 1832లో హిప్పోలైట్ పిక్సీ చేతితో తిప్పే యంత్రాన్ని తయారుచేసినప్పుడు వచ్చింది కూడా దిశ మారే కరెంటే. అప్పట్లో దాని ఉపయోగం తెలియక, శాస్త్రవేత్త ఆంపియర్ సలహా మీద, కరెంటు దిశను సరిచేసే కమ్యుటేటర్ అమర్చి ఒకే దిశలో ప్రవహించేటట్లు చేశారు.

ధ్రువాల సంఖ్యను నిమిషానికి తిరిగే చుట్లతో గుణించి 120తో భాగిస్తే ఫ్రీక్వెన్సీ, అంటే సెకనుకు కరెంటు ఎన్ని ఆవృత్తులు పూర్తిచేస్తుందో, వస్తుంది. 4 ధ్రువాల ఆల్టర్నేటర్ (ఏసీ జనరేటర్) 1500 చుట్లు తిరిగితే 50 హెర్ట్జ్, 1800 తిరిగితే 60 హెర్ట్జ్. ఆవిరి టర్బైన్లు వేగంగా తిరుగుతాయి కాబట్టి వాటికి రెండు ధ్రువాలతోనే సరిపోతుంది. జల టర్బైన్లు నెమ్మదిగా తిరుగుతాయి కాబట్టి వాటి రోటర్ల (తిరిగే భాగాల) చుట్టూ పదుల సంఖ్యలో ధ్రువాలు ఉంటాయి.

నిజమైన యంత్రాన్ని విప్పి చూస్తే, బయట కదలకుండా ఉండే స్టేటర్ కనిపిస్తుంది. అది ముద్ద ఇనుము కాదు, అర మిల్లీమీటరు మందం ఉండే సిలికాన్ స్టీలు రేకులను ఒకదానికొకటి విద్యుత్ తగలకుండా పూతపూసి పేర్చిన దొంతర. అలా చేయకపోతే ఆ ఇనుములోనే సుడి ప్రవాహాలు పుట్టి అది కాలిపోయేటంత వేడెక్కుతుంది. దాని గాళ్లలో 120 డిగ్రీల ఎడంతో మూడు ఫేజుల వైండింగులు ఉంటాయి. మధ్యలో తిరిగే రోటర్ డీసీతో పనిచేసే విద్యుదయస్కాంతం. అయస్కాంతాన్ని నిలిపి వైండింగునే తిప్పవచ్చు కదా అంటే, తిప్పవచ్చు; కాని అప్పుడు వందల, వేల ఆంపియర్ల లోడు కరెంటునంతా తిరిగే రింగుల మీద కార్బన్ బ్రష్‌ల ద్వారా బయటికి తీసుకోవాలి. రోటర్‌కు కావలసిన డీసీ శక్తి మొత్తం ఉత్పత్తిలో ఏ కొద్ది శాతమో కాబట్టి, చిన్నదాన్ని తిప్పి పెద్దదాన్ని కదలకుండా ఉంచడం తెలివైన పని.

మరి ఆ డీసీ ఎక్కడి నుంచి వస్తుంది? ఈ భాగమే నాకు అన్నిటికన్నా నచ్చుతుంది. బ్రష్‌లు లేని ఆల్టర్నేటర్‌లో అదే షాఫ్టు మీద ఎక్సైటర్ అనే చిన్న ఏసీ జనరేటర్ ఉంటుంది. దాని కరెంటును షాఫ్టుతోపాటే తిరిగే డయోడ్లు డీసీగా మార్చి రోటర్‌కు ఇస్తాయి, ఎక్సైటర్‌కు ఎంత కరెంటు ఇవ్వాలో ఏవీఆర్ అనే నియంత్రణ కార్డు నిర్ణయిస్తుంది. చాలా సెట్లలో ఈ ఏవీఆర్‌కు కరెంటు ఇచ్చేది ఆల్టర్నేటరే. ఆల్టర్నేటర్ ఏవీఆర్ మీద, ఏవీఆర్ ఆల్టర్నేటర్ మీద ఆధారపడితే మొదటి అడుగు ఎవరు వేస్తారని మీకు సందేహం రావాలి. ఆపిన తర్వాత కూడా ఇనుములో మిగిలిపోయే కొద్దిపాటి అయస్కాంతత్వమే ఆ మొదటి అడుగు వేస్తుంది.

నెలల తరబడి వాడకుండా పడి ఉన్న సెట్లలో ఆ మిగులు అయస్కాంతత్వం చాలకపోవచ్చు. ఇంజన్ 1500 చుట్ల మీద శుభ్రంగా నడుస్తుంటుంది, వోల్ట్‌మీటరులో ముల్లు మాత్రం అడుగునే ఉంటుంది. అలాంటప్పుడు ఇంజన్ ఆపి, ఏవీఆర్ నుంచి ఎక్సైటర్ ఫీల్డ్ తీగలను వేరుచేసి, 12 వోల్టుల బ్యాటరీ ప్లస్‌ను ప్లస్‌కూ, మైనస్‌ను మైనస్‌కూ కొన్ని సెకన్లు తగిలించి తీసేస్తాం. తీగలు తిరిగి బిగించి ఇంజన్ వేయగానే, అంతవరకు చలనంలేని ముల్లు పైకి లేచి 400 వోల్టుల దాకా పోయి నిలబడుతుంది. యంత్రం చేసే పనికి అయస్కాంతమే ఇంధనమైతే, బ్యాటరీ ఇచ్చిన ఆ కొన్ని సెకన్ల కరెంటు ఎన్ని నిమిషాలు సరిపోయేదో ఆలోచించండి.

ఇక ఇంజన్ బరువెక్కే సంగతి. కొత్తగా పనిలో చేరినవాళ్లకు దీన్ని మాటలతో చెప్పకుండా, శాశ్వత అయస్కాంతం ఉన్న చిన్న ఆల్టర్నేటర్‌ను చేతికిచ్చి తిప్పమంటాను. తీగల కొసలు విడిగా ఉన్నప్పుడు షాఫ్టు దాదాపు దానంతటదే తిరుగుతుంది. ఆ కొసలను ఒకదానికొకటి తాకించి మళ్లీ తిప్పమంటే, లోపల ఎవరో పట్టుకున్నట్టు మణికట్టుకు ఎదురుబలం తగులుతుంది. అయస్కాంతం మారలేదు, చుట్ట మారలేదు. మారిందల్లా కరెంటు ప్రవహించడానికి దారి ఏర్పడటమే. స్టేటర్‌లో ప్రవహించే కరెంటు తన అయస్కాంత క్షేత్రాన్ని తాను పుట్టిస్తుంది, అది రోటర్ చలనాన్ని అడ్డుకునే దిశలోనే ఉంటుంది. 1834లో శాస్త్రవేత్త లెంజ్ చెప్పిన సూత్రం ఇదే. అడ్డుకోకపోతే శక్తి ఊరికే పుట్టినట్టు లెక్క, అది జరిగే పని కాదు.

కాబట్టి మీరు ఒక మోటారు వేసినప్పుడు ఆ ఎదురుబలం పెరుగుతుంది, షాఫ్టు వేగం రవ్వంత తగ్గుతుంది, ఇంజన్ వేగాన్ని నియంత్రించే గవర్నర్ దాన్ని పసిగట్టి డీజిల్ ఎక్కువగా వదులుతుంది. మీకు వినిపించే మార్పు అదే. యాంత్రిక గవర్నర్ ఉన్న సెట్లను లోడు లేనప్పుడు 52 హెర్ట్జ్ దగ్గర అమర్చేది కూడా పూర్తి లోడు మీద అది 50 దగ్గరకు దిగుతుందనే. ఒక లీటరు డీజిల్‌లో సుమారు 10 యూనిట్ల శక్తి ఉంటుంది. మంచి లోడు మీద నడిచే సెట్టు అందులోంచి 3, 3.5 యూనిట్ల కరెంటు తీస్తుంది. మిగిలిందంతా దాదాపుగా వేడిగానే పోతుంది, అదీ ఎక్కువగా ఇంజన్‌లో. ఆల్టర్నేటర్‌లో పోయేది స్వల్పం.

లోడు కరెంటు వేగాన్నే కాదు, వోల్టేజిని కూడా కిందికి లాగుతుంది. స్టేటర్ క్షేత్రం రోటర్ క్షేత్రాన్ని కొంత బలహీనపరుస్తుంది, మోటార్ల వంటి లోడు మీద ఇది మరింత ఎక్కువ. అప్పుడు ఏవీఆర్ ఎక్సైటేషన్, అంటే ఎక్సైటర్‌కు ఇచ్చే కరెంటు, పెంచి వోల్టేజిని సరిచేస్తుంది. వేగం గవర్నర్ చేతిలో, వోల్టేజి ఏవీఆర్ చేతిలో ఉంటాయన్నమాట. 100 కేవీఏ సెట్టు మీద 0.8 పవర్ ఫ్యాక్టర్ (కేవీఏలో నిజంగా పనిచేసే కిలోవాట్ల వాటా) వద్ద 80 కిలోవాట్లు అని రాసి ఉండటానికి కారణం కూడా ఇలాంటి విభజనే: కేవీఏ అనేది వైండింగులు తట్టుకోగలిగిన హద్దు, కిలోవాట్లు ఇంజన్ లాగగలిగిన హద్దు.

వోల్టేజి తగ్గిందని ఎవరైనా పిలిచినప్పుడు నేను ముందు ఫ్రీక్వెన్సీ మీటరు చూడటం ఇందువల్లనే. ఫ్రీక్వెన్సీ సరిగ్గా ఉండి వోల్టేజి ఒక్కటే పడిపోతే ఏవీఆర్‌నూ, తిరిగే డయోడ్లనూ పరీక్షించాలి. రెండూ కలిసి పడిపోతుంటే ఏవీఆర్ జోలికి పోనక్కరలేదు. వేగం బాగా తగ్గినప్పుడు వోల్టేజిని కావాలనే తగ్గించి ఇంజన్ మీద భారం దించేటట్లు చాలా ఏవీఆర్‌లను తయారుచేస్తారు. అప్పుడు చూడవలసింది డీజిల్ ఫిల్టరును, ఎయిర్ ఫిల్టరును, గవర్నర్‌ను.