సండే స్కూలుకు టీచర్లు దొరకాలంటే ఏం చేయాలి?

నలభై మంది పిల్లలకు ఇద్దరమే టీచర్లం, చర్చి ఆరాధనలో ఎన్నిసార్లు ప్రకటించినా ఎవరూ ముందుకు రావట్లేదు అని మీరు అన్నారు. ప్రకటన వింటే ఎవరికి వారు అది పక్కవాళ్లకనే అనుకుంటారు. మనిషిని చూసి అడగండి: "అక్కా, మీరు పాటలు బాగా నేర్పుతారు, మూడు నెలలు చిన్నపిల్లల క్లాసు చూస్తారా?" ఆ గడువు చెప్పడమే కీలకం. ఒకసారి ఒప్పుకుంటే ఇక వదలరేమోనన్న భయంతోనే చాలామంది వెనకాడతారు.

అందరూ పాఠమే చెప్పనక్కర్లేదు. హాజరు వేసేవాళ్లూ, బొమ్మలు గీసేవాళ్లూ కావాలి. మే నెల వీబీఎస్‌లో (సెలవుల్లో పిల్లలకు నడిపే బైబిల్ స్కూల్లో) సెలవులకొచ్చిన కాలేజీ పిల్లలకు పని అప్పగించి చూడండి. ఎవరికి ఓపిక ఉందో వారంలో తెలిసిపోతుంది. నేనైతే టీచర్లను అక్కడి నుంచే ఎంచుకుంటాను.

ఒక్క విషయంలో మాత్రం మొహమాటం వద్దు. సంఘానికి కొత్తగా వచ్చినవారికి వెంటనే పిల్లల్ని అప్పగించకండి. కనీసం ఆరు నెలలు చూడండి, వారి పాత సంఘంలో విచారించండి. ప్రతి గదిలో ఇద్దరు పెద్దలుండాలి, తలుపు తెరిచే ఉండాలి. పిల్లలపై లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పడం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి. "సంఘంలోనే సర్దుకుందాం" అంటే కుదరదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు గోడమీద రాసిపెట్టండి.