అరుదైన అమెరికా బంగారు నాణేలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: 1900 తర్వాత వచ్చిన అమెరికా బంగారు నాణేలు సేకరించాలని ఉంది. ఇరవై డాలర్ల నాణెంతోనే మొదలుపెట్టాలా? ఖర్చుకు తట్టుకోగలిగే వరస ఇంకేదైనా ఉందా?

జవాబు: రెండున్నర డాలర్ల ఇండియన్ హెడ్ (అమెరికా ఆదివాసి తల బొమ్మ ఉన్న) నాణేలతో మొదలుపెట్టండి. వీటిని 1908 నుంచి 1915 దాకా, మళ్లీ 1925 నుంచి 1929 దాకా వేశారు. సంవత్సరాలూ టంకశాలలూ కలిపి లెక్కేస్తే వరస మొత్తం 15 నాణేలే. పద్నాలుగు ఓపిక పడితే దొరుకుతాయి. 1911లో డెన్వర్ టంకశాల వేసిన నాణెం దగ్గరే చెయ్యి ఆగుతుంది. అవి వేసిందే 55,680. దాన్ని చివరికి ఉంచుకోండి. మిగతా పద్నాలుగూ చూసి చూసి కన్ను కుదిరాక కొనడం మంచిది.

ఇరవై డాలర్ల నాణెం బరువు 33.436 గ్రాములు, అందులో మేలిమి బంగారం 30 గ్రాముల పైచిలుకు. మామూలు సంవత్సరాల నాణేల ధర చాలావరకు బంగారం ధరతో పాటే లేస్తుంది, పడుతుంది. రెండున్నర డాలర్లది 4.18 గ్రాములే. అందులో మంచి ముక్కకు మీరు చెల్లించేది ఎక్కువగా దాని అరుదుతనానికీ, స్థితికీ.

ఈ వరసలో ఒక చిక్కు ఉంది. శిల్పి బేలా లయన్ ప్రాట్ ఇందులో బొమ్మను ఉబ్బెత్తుగా కాకుండా లోపలికి దిగేలా చేశాడు. అందుచేత నాణెంలో అన్నిటికంటే ఎత్తుగా ఉండేది చదునైన ఖాళీ భాగమే, ముందు అరిగేదీ అదే. మిగతా నాణేల్లోలా బొమ్మ చెంప మీద అరుగుదల వెతికితే మోసపోతారు. ఒకే దీపం కింద నాణేన్ని మెల్లగా వాలుస్తూ, ముఖం ముందున్న ఖాళీ చోట మెరుపు తెగకుండా తిరుగుతోందా అని చూడండి. మధ్యలో మసకగా ఆగిపోతే ఆ నాణెం చేతులు మారి అరిగిందన్నమాట.

ప్రశ్న: 1929 నాటి ఐదు డాలర్ల నాణేలు 6,62,000 వేశారని చదివాను. మరి అంత అరుదు అని ఎందుకంటారు?

జవాబు: వేసిన సంఖ్య ఒకటి, మిగిలిన సంఖ్య ఒకటి. అమెరికా బంగారం విషయంలో ఈ రెంటికీ పొంతన కుదరకపోవడమే మామూలు. 1933 ఏప్రిల్ 5న అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 6102వ ఉత్తర్వు ఇచ్చాడు. ప్రజలు తమ బంగారు నాణేలను మే 1 లోపు బ్యాంకులకు అప్పగించాలన్నారు. అప్పటి రేటు ఔన్సుకు 20.67 డాలర్లు. సేకర్తలు ప్రత్యేక విలువ ఇచ్చే అరుదైన నాణేలకు మినహాయింపు ఇచ్చారు గానీ, ఖజానా గదుల్లో సంచుల్లోనే ఉండిపోయిన కొత్త నాణేలను కాపాడేవాళ్లెవరు? 1929 ఐదు డాలర్ల నాణేల్లో అత్యధిక భాగం అలాగే కరిగిపోయాయి. 1927 డెన్వర్ ఇరవై డాలర్ల నాణెం మరీ ఘోరం. వేసినవి 1,80,000, ఇప్పుడు జాడ తెలిసినవి పదిహేనుకు మించవు.

దీనికి ఎదురు కథ కూడా తెలుసుకోవాలి. 1924లో శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాల వేసిన ఇరవై డాలర్ల నాణేన్ని 1940లలో ఈ వరసలోకెల్లా మహా అరుదు అనుకునేవారు. ఆ తర్వాత యూరప్ బ్యాంకుల ఖజానాల్లోంచి అవి బయటపడటం మొదలై, ఆ పేరు కాస్తా పోయింది. కాబట్టి ఏ నాణెం కొనబోతున్నా వేసిన సంఖ్యతో ఆగకండి. నాణెం స్థితిని పరీక్షించి, గ్రేడ్ ఇచ్చి, పెట్టెలో బిగించి ఇచ్చే గ్రేడింగ్ సంస్థలు ప్రచురించే పట్టికల్లో ఆ సంవత్సరానివి ఎన్ని నమోదయ్యాయో చూడండి. ఆ అంకెనూ పూర్తిగా నమ్మొద్దు. మంచి గ్రేడ్ కోసం ఒకే నాణేన్ని పెట్టెలోంచి తీసి మళ్లీ మళ్లీ పంపేవాళ్లున్నారు, ప్రతిసారీ అది కొత్త నాణెంగా లెక్కలోకి ఎక్కుతుంది. పాత వేలాల్లో అది ఎంత తరచుగా వచ్చిందో కూడా చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

ప్రశ్న: నాణెం అసలుదో కాదో ఇంట్లోనే తేల్చుకునే దారి ఉందా?

జవాబు: నకిలీ అని తేల్చడానికి ఉంది. అసలుదే అని తేల్చడానికి లేదు. ఆ తేడా మనసులో పెట్టుకుని ఈ పరీక్షలు చేయండి.

ముందు బరువు, వ్యాసం. ఇరవై డాలర్లది 33.436 గ్రాములు, 34 మిల్లీమీటర్లు. పది డాలర్లది 16.718, 27. ఐదు డాలర్లది 8.359, 21.6. రెండున్నరది 4.18, 18. అరుగుదల వల్ల బరువు కొద్దిగా తగ్గొచ్చు, పెరగడం మాత్రం ఉండదు.

తర్వాత సాంద్రత. ఈ నాణేలన్నీ 90 శాతం బంగారం, 10 శాతం రాగి. సాంద్రత 17.2 దగ్గర ఉండాలి. కాచి చల్లార్చిన నీళ్లు గ్లాసులో పోసి, గ్లాసును తూనిక మీద పెట్టి సున్నా చేయండి. సన్నటి దారంతో నాణేన్ని వేలాడదీసి, అడుగుకూ గోడకూ తగలకుండా పూర్తిగా ముంచండి. ఇప్పుడు కనిపించే అంకెతో నాణెం అసలు బరువును భాగించండి. ఇరవై డాలర్ల నాణేనికి నీళ్లలో సుమారు 1.95 రావాలి. గాలి బుడగ ఒక్కటి అంటుకున్నా సాంద్రత తక్కువగా వస్తుంది. రెండున్నర డాలర్లదానికి 0.01 గ్రాము దాకా చూపే తూనిక పనికిరాదు. నీళ్లలో 0.23 అని చూపినా 0.25 అని చూపినా ఫలితం 18.2 నుంచి 16.7కు దూకుతుంది. 0.001 గ్రాము దాకా చూపేది కావాలి. తీశాక తుడవకండి, మెత్తటి గుడ్డ మీద పెట్టి నీరు పీల్చనివ్వండి.

మూడోది అంచు. 1907 తర్వాతి ఇండియన్ హెడ్ పది డాలర్ల నాణెం అంచు మీద ఉబ్బెత్తు నక్షత్రాలుంటాయి. 1911 దాకా 46, 1912 నుంచి 48. ఆ నాణేనికి అడ్డగీతల అంచు ఉంటే అక్కడితో ఆపేయండి. శిల్పి సెయింట్ గాడెన్స్ రూపొందించిన ఇరవై డాలర్లదానికి అంచు మీద 'ఇ ప్లూరిబస్ యూనమ్' అక్షరాలు, నక్షత్రాలు ఉంటాయి. చిన్నవి రెంటికీ అడ్డగీతలే. అంచు మీద ఎక్కడైనా ఆకురాయి గీతలో, టంకం మరకో కనిపిస్తే ఆ నాణెం ఒకప్పుడు నగలో బిగించింది. అసలుదే అయినా విలువ బాగా పడిపోతుంది.

ఇవన్నీ దాటినా నిశ్చింత వద్దు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత మధ్యప్రాచ్యంలో, ముఖ్యంగా బేరూత్‌లో, సరైన బంగారంతోనే నకిలీలు ముద్రించారు. వాటిని తూనిక పట్టుకోలేదు. 10 రెట్లు పెద్దది చేసే భూతద్దం కింద మూడు సంగతులు వెతకండి. అసలు నాణెం మీంచి అచ్చు తీసినప్పుడు దాని గుంటలు కూడా అచ్చులోకి వస్తాయి, అందుకే అంచులు మెత్తబడిన గుంట ఒకటి అదే సంవత్సరపు మరో నాణెం మీదా అదే చోట ఉంటుంది. అక్షరాలు ఉబ్బిపోయి మసకగా ఉంటాయి. అక్షరాలకూ అంచుకూ మధ్య సూదిలాంటి ఉబ్బు గీతలుంటాయి. 1911 డెన్వర్ విషయంలో ఆ టంకశాల గుర్తైన 'డి' అక్షరం మొదలు చుట్టూ అతుకు ఉందేమో ప్రత్యేకంగా చూడండి. గుర్తు అక్షరం లేని ఫిలడెల్ఫియా టంకశాల నాణేనికి 'డి' అతికించడం పాత విద్య. అసలు నాణేల్లోనూ ఈ 'డి' తరచుగా బలహీనంగానే పడుతుంది కాబట్టి, మసగ్గా ఉన్నంత మాత్రాన నకిలీ అనుకోకండి.

ప్రశ్న: 1907 అని అంకెల్లో ఉన్న ఇరవై డాలర్ల నాణేన్ని 'హై రిలీఫ్' అని చూపిస్తున్నారు. కొనవచ్చా?

జవాబు: ఆ పేరుతో వద్దు. అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ కోరిక మీద అగస్టస్ సెయింట్ గాడెన్స్ రూపొందించిన ఆ ఎత్తయిన ముద్ర నాణేల మీద సంవత్సరం రోమన్ అంకెల్లోనే ఉంటుంది. వేసినవి 12,367. ఒక్కో నాణేనికి పలుమార్లు దెబ్బ వేయాల్సి రావడంతో టంకశాల ప్రధాన శిల్పి చార్లెస్ బార్బర్ ముద్ర ఎత్తు తగ్గించాడు. మామూలు అంకెలున్నవి ఆ తగ్గించిన అచ్చువి. వాటికీ సేకరణలో మంచి చోటే ఉంది, ధర మాత్రం వేరు. రోమన్ అంకెలున్నది దొరికినా గద్ద గోరులో చూడండి. గ్రీకు అక్షరం ఒమేగా అతిచిన్న గుర్తుగా కనిపిస్తే అది పేరుమోసిన నకిలీ.

ప్రశ్న: నా నాణెం మీద ఎర్రటి మచ్చలు వచ్చాయి. శుభ్రం చేయనా?

జవాబు: చేయొద్దు. లోహంలో సరిగ్గా కలవని రాగి రంగు మారడమే అది. తోమితే మచ్చతో పాటు పైపొర కూడా పోతుంది, సన్నటి గీతలు మిగులుతాయి. గ్రేడింగ్ సంస్థ దాన్ని 'శుభ్రం చేసినది' అని తిప్పి పంపుతుంది. ఆకుపచ్చటి జిగురు పొర ఉంటే సంగతి వేరు, అది పీవీసీ అనే ప్లాస్టిక్ కవరులోంచి దిగింది. స్వచ్ఛమైన అసిటోన్‌ను గాజు పాత్రలో పోసి, గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా, నాణేన్ని కొన్ని నిమిషాలు ఉంచండి. తర్వాత కొత్త అసిటోన్‌లో మరోసారి ముంచి, రుద్దకుండా ఆరనివ్వండి. గోళ్ల రంగు తీసే ద్రవం వద్దు, అందులో ఇతర నూనెలుంటాయి. ఆపైన పీవీసీ లేని పెట్టెలోకి మార్చండి.

ప్రశ్న: గ్రేడింగ్ సంస్థ పెట్టెలో బిగించిన నాణెం అయితే ఇక పరీక్ష అవసరం లేదు కదా?

జవాబు: పెట్టెలకూ నకిలీలున్నాయి. పీసీజీఎస్, ఎన్‌జీసీ అనే గ్రేడింగ్ సంస్థలు రెండూ ధ్రువపత్రం సంఖ్య కొడితే వివరాలు చూపిస్తాయి. ఫోటో ఉంటే గీతా గుంటా పోల్చండి, సంఖ్య ఒక్కటే సరిపోలితే చాలదు. 1 నుంచి 70 దాకా ఉండే గ్రేడ్‌లో ఒక్క మెట్టుకే ధర రెట్టింపయ్యే సంవత్సరాలున్నాయి. అలాంటి చోట కింది మెట్టులో ఉన్న అందమైన నాణెం కొనడమే మేలని మా అభిప్రాయం.

ప్రశ్న: 1933 ఇరవై డాలర్ల నాణెం ఎప్పటికైనా అమ్మకానికి వస్తుందా?

జవాబు: 4,45,500 వేశారు గానీ చలామణీలోకి విడుదల చేయలేదు. కొన్ని టంకశాల దాటి వెళ్లాయి, ప్రభుత్వం వాటిని దొంగ సొత్తుగానే చూస్తుంది. ఈజిప్టు రాజు ఫరూక్ సేకరణకు చెందినదిగా చెప్పే ఒక్క నాణేనికే సొంతం చేసుకునే హక్కు ఇచ్చింది. అది 2002లో 75.9 లక్షల డాలర్లకు, 2021లో సుమారు 1.89 కోట్ల డాలర్లకు వేలంలో పోయింది. మరో పది నాణేలు తమవేనని ఒక కుటుంబం ఏళ్ల తరబడి పోరాడినా కోర్టులు ప్రభుత్వానికే ఇచ్చాయి. ఎవరైనా మీకు చాటుగా ఒకటి చూపిస్తే అది నకిలీ అయినా నష్టమే, అసలుదైనా నష్టమే. 1933 పది డాలర్ల నాణెం మాత్రం అలా కాదు. 3,12,500 వేసి, ఉత్తర్వుకు ముందే కొన్ని సక్రమంగా బయటికి ఇచ్చారు. నలభై లోపే మిగిలాయి, అయినా కొనడం, అమ్మడం చట్టబద్ధమే.