ట్యూషన్ ఫీజు లేదు సరే, మెస్ బిల్లు సంగతేంటి?

ప్రశ్న: మాది ఉట్నూరు దగ్గర గోండు గూడెం. నేను టీచర్‌ని. మా తమ్ముడి కూతురికి ఎస్టీ కోటాలో వరంగల్ ఎన్‌ఐటీలో సీటొచ్చింది. మా ఇంట్లో యూనివర్సిటీ మెట్లెక్కే మొదటి పిల్ల తనే. తమ్ముడు పత్తి వేస్తాడు, ఏడాదికి లక్షన్నర కూడా రాదు. నా దగ్గర 80,000 ఉన్నాయి. ఇంకో 4 లక్షలు ఎడ్యుకేషన్ లోన్ తీసుకోమంటారా సార్?

జవాబు: ఇప్పుడే వద్దండి. ఎన్‌ఐటీల్లో ఎస్టీ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ. మీరు కట్టాల్సింది హాస్టల్, మెస్, చిన్నాచితకా ఫీజులు. వాటికోసం ఇంత అప్పు చేస్తే తీర్చే భారం ఉద్యోగం వచ్చాక ఆ పిల్లమీదే పడుతుంది.

మొదటి ఏడాది అసలు ఇబ్బంది డబ్బు వేళకు రాకపోవడం. మెస్ డబ్బు సెమిస్టర్ మొదట్లోనే అడుగుతారు. స్కాలర్‌షిప్ దరఖాస్తు, కాలేజీ వెరిఫికేషన్, మంజూరు అన్నీ దాటి చేతికొచ్చేసరికి నెలలు గడుస్తాయి. మీ 80,000 ఆ మధ్యకాలానికే. దాన్ని ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయకండి. సగం చేరేటప్పటి ఖర్చులకు ఉంచి, మిగతాది నెలనెలా ఒకే తేదీన అమ్మాయి ఖాతాలో వేయండి. తను అడిగితే చూద్దాంలే అనుకోవద్దు. పెదనాన్నను డబ్బు అడగాలంటే మొహమాటం. అడగలేక టిఫిన్ మానేసే పిల్లలను చూశాను.

కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ఇచ్చే టాప్ క్లాస్ స్కాలర్‌షిప్‌కు వెంటనే దరఖాస్తు చేయించండి. కుటుంబ ఆదాయం 6 లక్షల లోపు ఉండాలి. నెలకు 2,200, పుస్తకాలకు ఏడాదికి 3,000, కంప్యూటర్‌కు ఒకసారి 45,000 ఇస్తారు. ఏటా కొత్తగా 1,000 మందికే కాబట్టి వచ్చేసిందని లెక్క వేసుకోకండి. రాకపోతే రాష్ట్రం ద్వారా వచ్చే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ (పదో తరగతి తర్వాతి చదువులకు ఇచ్చేది) ఉంది. రెండూ కలిపి తీసుకోవడం కుదరదు. టాప్ క్లాస్ వస్తుందో లేదో తేలేదాకా ల్యాప్‌టాప్ కొనడం ఆపండి, మొదటి సెమిస్టర్ కాలేజీ ల్యాబ్‌తో నెట్టుకురావచ్చు.

ఆదాయ ధ్రువపత్రం తమ్ముడి పేరున తీయించండి. మీ జీతం అందులోకి రాదు. ఖాతా అమ్మాయి పేరున ఉండాలి, ప్రభుత్వ డబ్బు పడేలా ఆధార్ సీడింగ్ (ఖాతాకు ఆధార్ జోడించడం) అయిందో లేదో బ్యాంకులోనే అడగండి. ఇంటిపేరు పదో తరగతి మెమోలో ఒకలా, కుల ధ్రువపత్రంలో ఒకలా ఉంటే ఈ వారమే సరిచేయించండి. స్కాలర్‌షిప్‌లు ఎక్కువగా ఆగేది ఇలాంటి చోటే.

ఇంకొకటి. ఖర్చు తగ్గించాలని పండక్కి రావద్దని మాత్రం చెప్పకండి. 2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు కదా. దీపావళి వేళ దండారి పండక్కీ, పుష్యమాసంలో కేస్లాపూర్ నాగోబా జాతరకూ వచ్చి వెళ్తే దారి ఖర్చులే. కొత్త ఊళ్లో, గోండి మాట వినపడని హాస్టల్లో బెంగ పెట్టుకుని చదువు మానేస్తే పోయేదాని ముందు ఆ ఖర్చెంత?

సంక్రాంతికల్లా స్కాలర్‌షిప్ పడకపోతే మళ్లీ రాయండి. లోన్ సంగతి అప్పుడు, ఎంత తక్కువ పడిందో చూసుకుని మాట్లాడదాం.