పుట్టుకతో వచ్చిందంతా వంశపారంపర్యమేనా?

సందేహం: గుర్రప్పిల్లలను పుట్టించడానికి వాడుకునే మగ గుర్రాన్ని అమ్మకానికి పెట్టాం. అది తొట్టి అంచు కొరికి గాలి మింగుతుంది. కాగితంలో ‘పుట్టుకతో వచ్చిన లోపం’ అని రాస్తే, చూడ్డానికి వచ్చినవారు ‘అంటే వంశపారంపర్యమే కదా, మాకొద్దు’ అన్నారు. రెండు మాటలూ ఒకటేనా? – ప్రొద్దుటూరు పాఠకుడు

సమాధానం: ఒకటి కావు. ‘పుట్టుకతో’లోని ‘తో’ తోడుగా ఉండటాన్ని చెబుతుంది, కారణాన్ని కాదు. పిల్ల నేలమీద పడేసరికే ఆ లోపం ఉందని మాత్రమే దాని అర్థం. కొన్ని గుర్రప్పిల్లలు ముందుకాళ్ల స్నాయువులు (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీలు) బిగుసుకుని, గిట్ట వెనక భాగం నేలకు ఆనకుండా పుడతాయి. కడుపులో సరిగా ఇమడక కూడా అలా కావచ్చు. అది పుట్టుకతో వచ్చిందే, అంతమాత్రాన తండ్రి నుంచి వచ్చినట్టు కాదు.

‘వంశపారంపర్యం’లో ఉన్నది పరంపర. ఒక్క గుర్రాన్ని చూసి పరంపరను తేల్చలేం. తల్లినీ తండ్రినీ చూడాలి, వేరేచోట పెరిగిన తోబుట్టువులనూ చూడాలి. వేరేచోట అని ఎందుకంటున్నానంటే, ఒకే కొట్టంలో ఒకే మేత తిన్నవాటికి ఒకే లోపం వస్తే తప్పు ఆ కొట్టానిదే కావచ్చు. తల్లిదండ్రులు బాగున్నంత మాత్రాన నిశ్చింతగా ఉండటానికీ లేదు. అరబ్బీ జాతిలో రోగనిరోధక శక్తి లేకుండా చేసే జన్యు జబ్బు ఒకటుంది. తల్లీ తండ్రీ ఆరోగ్యంగానే ఉంటాయి, పుట్టినప్పుడు పిల్లా బాగానే కనిపిస్తుంది, కొద్ది నెలల్లోనే చనిపోతుంది. వంశపారంపర్యమే గానీ, పుట్టగానే కంటికి కనిపించేది కాదు.

ఇక మీ గుర్రం సంగతి. పై ముందుపళ్లు తొట్టి అంచుకు ఆనించి, మెడ బిగించి, వెనక్కి లాగుతూ గుర్రుమని గాలి తీసుకునే ఈ అలవాటు పుట్టుకతో వచ్చేది కానేకాదు. పొద్దస్తమానం కట్టేసి ఉంచడం, గడ్డి తగ్గించి దాణా ఎక్కువ పెట్టడం, పాలు మాన్పించిన తీరు దీనికి దారితీస్తాయి. కొన్ని జాతుల్లో, కొన్ని వంశాల్లో ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి రక్తం పాత్ర లేదనీ అనలేం. అయితే వంశం నుంచి వచ్చేది అలవాటు కాదు, దానికి త్వరగా లొంగే గుణం. అందువల్ల ‘వంశపారంపర్య లోపం’ అని ముద్ర వేస్తే గుర్రానికి అన్యాయం, ‘అంతా పెంపకం వల్లే’ అని దాటేస్తే కొనేవారికి అన్యాయం. ‘పోషణ లోపం’ అని మాత్రం రాయకండి, తిండి చాలలేదని అర్థం చేసుకుంటారు.

కాగితంలో చూసింది చూసినట్టు పెట్టండి. ఉదాహరణకు: ‘తొట్టి కొరికి గాలి మింగే అలవాటు ఉంది. మూడో ఏట, రోజంతా కొట్టంలో కట్టేయడం మొదలయ్యాక కనిపించింది. తల్లికి లేదు. తండ్రికి ఉందట.’ చివర ఉన్న ఆ ‘అట’ను వదిలేయకండి. మీరు కళ్లారా చూసిందేదో, చెవిన పడిందేదో కొనేవారికి తెలియాలి. మన కడప మాటలో ‘తండ్రికి ఉండాదంట’ అని రాసినా నాకేం అభ్యంతరం లేదు.