బడికి రచయితను పిలిచే ముందు

ప్రశ్న: పలాస దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెబుతున్నాను. ఈ నవంబర్ 14న పిల్లల రచయిత ఎవరినైనా మా బడికి పిలవాలని హెడ్‌మాస్టరుగారూ నేనూ అనుకున్నాం. మైకు, షామియానా, శాలువా, మెమెంటో ఏర్పాటు చేయగలం. మూడు వందల మంది పిల్లలున్నారు. ఇంకేమైనా చేయాలా? - ఒక ఉపాధ్యాయిని

జవాబు: షామియానాకు పెట్టే డబ్బు పుస్తకాలకు పెట్టండమ్మా. గ్రౌండులో కూర్చోబెట్టిన మూడు వందల మందిలో వెనక సగానికి మైకు గోల తప్ప ఏమీ అందదు. ఒక సెక్షన్ పిల్లల్ని, ఆరో తరగతి కానీ ఏడో తరగతి కానీ, గదిలో కింద గుండ్రంగా కూర్చోబెట్టండి. వచ్చినాయన ఒప్పుకుంటే మరో పీరియడ్‌లో ఇంకో సెక్షన్. మిగిలినవాళ్ళకు మళ్ళీ ఏడాది.

14వ తేదీ కూడా వద్దంటాను. ఆ రోజు ఆటల బహుమతులు, డాన్సులు, మిఠాయిలు. పిల్లల మనసు కథ మీద నిలవదు. అదే రోజు మొదలయ్యే గ్రంథాలయ వారోత్సవాలు 20 దాకా ఉంటాయి. ఆ మధ్యలో ఏదో ఒక రోజు పెట్టుకుంటే మీ దగ్గరి శాఖా గ్రంథాలయం లైబ్రేరియన్‌గారినీ పిలవొచ్చు, పిల్లల్ని అక్కడ సభ్యులుగా చేర్పించొచ్చు.

అసలు పని రచయిత రాకముందే ఉంది. ఆయన రాసిన కథ ఒక్కటైనా పిల్లలు చదివి ఉండాలి. చదవని పిల్లలు “మీదే ఊరండి?” దగ్గర ఆగిపోతారు. చదివినవాళ్ళు “ఆ మేకపిల్లని ఎందుకు అమ్మించేశారండీ? ఉంచేస్తే ఏం పోయేది?” అని నిలదీస్తారు. పిల్లల కథలు రాసే నేను బస్సెక్కి బడులకు వెళ్ళేది ఆ నిలదీత కోసమే. కనీసం పదిహేను రోజుల ముందు పుస్తకాలు తెప్పించి క్లాసులో తిప్పండి. ‘మంచి పుస్తకం’ అనే సంస్థ, నేషనల్ బుక్ ట్రస్ట్ ప్రచురణలు తక్కువ ధరకే వస్తాయి. అదీ కష్టమైతే ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, ప్రింట్ తీసుకోవచ్చు. చెన్నేకొత్తపల్లి నుంచి 2008లో మొదలైన ‘కొత్తపల్లి’ పత్రిక పాత సంచికలు కూడా చూపించండి. వాటిలో బడి పిల్లలు రాసిన కథలున్నాయి. తమ ఈడు పిల్లలే రాశారని తెలిస్తే రాయడమంటే భయం సగం పోతుంది.

రచయితను కూడా ఒకటి అడగండి: చిత్తుప్రతులు తెమ్మని. నేను ఎప్పుడూ సంచిలో పట్టుకెళ్తాను. అచ్చయిన కథ పక్కన కొట్టివేతలు, బాణం గుర్తులు, మార్జిన్లో చేర్చిన వాక్యాలు ఉన్న కాగితాలు పెడితే పిల్లలు మీద పడి చూస్తారు. వాళ్ళ నోటుబుక్కులో ఒక్క కొట్టివేత ఉంటే మార్కులు తగ్గుతాయి కదా. ఇక్కడ పేజీ నిండా కొట్టేసిన మనిషిని కథ చెప్పమని పిలిచారు! అది చూశాక వాళ్ళకు పెన్ను పట్టుకునే ధైర్యం వస్తుంది.

ఇక రాయించే సంగతి. “ఏదైనా కథ రాయండి” అంటే అందరూ అడవి, సింహం, కుందేలు రాస్తారు. ఆ కథలు ఎవరో ఎప్పుడో చెప్పేసినవి. మీ వైపే ఒక బడిలో వెనక కూర్చున్న అబ్బాయి ఎంతసేపటికీ ఒక్క అక్షరం పెట్టలేదు. అమ్మ ఏం చేస్తుందని అడిగాను. జీడి గింజలు ఒలవడానికి వెళ్తుందన్నాడు. “పని నుంచి రాగానే మొట్టమొదట ఏం చేస్తుంది?” అన్నాను. కాసేపు ఆలోచించి రాయడం మొదలుపెట్టాడు. జీడి నూనె చర్మాన్ని తినేస్తుంది, అందుకని చేతులకు బూడిద రాసుకుని ఒలుస్తారు. అయినా వేళ్ళు నల్లబడతాయి. వాడి అమ్మ ఇంటికి రాగానే చెల్లిని ఎత్తుకోదట. చేతులు రుద్ది రుద్ది కడుక్కున్నాకే ఎత్తుకుంటుందట. అప్పటిదాకా చెల్లి ఏడుస్తూ ఉంటుందట, వాడు ఆడిస్తూ ఉంటాడట. ఎనిమిది వాక్యాలు రాశాడు, సగం తప్పులే. అంత మంచి కథ పిల్లల చేతిరాతలో నేను అరుదుగా చదివాను. దయచేసి అలాంటి కాగితం మీద ఆ రోజు ఎర్ర ఇంకు పెట్టకండి. గట్టిగా చదివించండి, గోడపత్రికకు అంటించండి. తప్పులు మర్నాడు పిల్లవాడూ మీరూ కలిసి దిద్దుకోవచ్చు.

శాలువా, మెమెంటో వద్దు. రానూపోనూ చార్జీలు, మధ్యాహ్నం పిల్లలతో పాటు భోజనం చాలు. గౌరవ వేతనం ఇవ్వగలిగితే ఎంతో ముందే చెప్పండి, లేకపోతే లేదనీ ముందే చెప్పండి. రోజు పని మానుకుని వచ్చే మనిషి అడగలేక మొహమాటపడతారు.

ప్రశ్న: మాది కరీంనగర్ జిల్లా. ఎనిమిదో తరగతి. మా బడికి ఒక రచయిత్రి వచ్చి మమ్మల్ని కూడా రాయమన్నారు. నేను మా తాతయ్య సైకిల్ మీద కథ రాశాను. మా సారు ‘బాగుంది, కానీ నీతి లేదు’ అన్నారు. నీతి కలపాలా? ఎక్కడికి పంపాలి? - ఒక విద్యార్థిని

జవాబు: కలపొద్దు తల్లీ. చివర్లో అతికించిన నీతి వల్ల సైకిల్ వెనక్కి పోతుంది. తాతయ్య ఆ సైకిల్‌ని ఎవరినీ ముట్టుకోనివ్వరా, రోజూ తుడుస్తారా, దానిమీద ఎక్కడికి వెళ్ళేవారు? ఇవి కథలో ఉన్నాయో లేదో చూసుకో. రాశాక నాలుగు రోజులు పక్కనపెట్టి, ఆ తర్వాత తమ్ముడికో చెల్లికో చదివి వినిపించు. వాళ్ళు ఎక్కడ దిక్కులు చూస్తే అక్కడ తగ్గించు.

‘ఈనాడు’లో పిల్లల పేజీ ‘హాయ్ బుజ్జీ’ ఉంది, ‘బాలచెలిమి’ పత్రిక ఉంది. పేరు, తరగతి, బడి చిరునామా, పెద్దవాళ్ళ ఫోన్ నంబరు రాసి, ఇది నా సొంత కథ అని కింద సంతకం పెట్టు. ఒక కాపీ నీ దగ్గర ఉంచుకో. ఒకేసారి రెండు చోట్లకు పంపకు. జవాబు రావడానికి నెలలు పట్టొచ్చు, ఈలోగా రెండో కథ మొదలుపెట్టు.

ప్రశ్న: మా అబ్బాయి టెన్త్. బడికి రచయితలు, కవులు వస్తూపోతూ ఉంటే సిలబస్ ఎప్పుడవుతుంది? మాకు టెన్షన్‌గా ఉంది. - ఒక తండ్రి

జవాబు: మీ టెన్షన్ అర్థమైంది. ఒక పూటలో రెండు పీరియడ్లు పోతాయి, అంతే. పదో తరగతి తెలుగు ప్రశ్నపత్రం ఒకసారి తీసి చూడండి. సృజనాత్మకత కింద లేఖ, కరపత్రం, సంభాషణ లాంటివి సొంత మాటల్లో రాయమంటారు. గైడు బట్టీ పట్టిన పిల్లలు ఎక్కువగా తడబడేది అక్కడే. అయినా నేను మార్కుల కోసం బడులకు వెళ్ళడం లేదు. ఈసారి ఎవరైనా వచ్చినప్పుడు హెడ్‌మాస్టరుగారిని అడిగి మీరూ వెనక బెంచీలో ఒక గంట కూర్చోండి, మీ అబ్బాయి ఏం అడుగుతాడో వినండి.