దీపం తీసుకో, పిట్టను పట్టుకో

సందేహం: బొమ్మలు లేకుండా అక్షరాలతోనే ఆడే పాత కంప్యూటర్ ఆట ‘కొలోసల్ కేవ్ అడ్వెంచర్’ను సరదాగా తెలుగులోకి తెస్తున్నాను. ‘గెట్ ల్యాంప్’ అనే ఆజ్ఞకు ‘దీపం తీసుకో’ సరిపోతుందా, ‘దీపాన్ని తీసుకోండి’ అనాలా? ఆడేవారిని నువ్వు అనాలా, మీరు అనాలా?

సమాధానం: ‘దీపం తీసుకో’ చక్కని తెలుగు. ప్రాణం లేని వస్తువుల పేర్లకు ని, ను చేర్చకుండా వదిలేయడం మన వ్యాకరణాలు ఒప్పుకున్నదే. అన్నం తిను, తలుపు తియ్యి అని రోజూ అంటూనే ఉన్నాం. ప్రాణమున్న వాటితో మాత్రం జాగ్రత్త. ఈ ఆటలో పంజరంలో పెట్టాల్సిన పిట్ట ఒకటుంది. ‘పిట్ట పట్టుకో’ అంటే పిట్టనే పిలిచి దేన్నో పట్టుకోమన్నట్టు ఉంటుంది. ‘పిట్టను పట్టుకో’ అనే రాయండి.

ఇక ‘అండి’ సంగతి. నేను మీకు కళ్ళూ చేతులూ అవుతాను, ఒకటి రెండు మాటల్లో చెప్పండి అని కంప్యూటర్ మొదట్లోనే అంటుంది. మన చేతికి మనం ‘అండి’ చేర్చి చెప్పుకోం. కాబట్టి ఆజ్ఞ ఏకవచనంలోనే బాగుంటుంది. ‘తీసుకొనుము’ జోలికి పోకండి.

ఆడేవారిని ఏమనాలన్నది అసలు చిక్కు. ఇంగ్లీషుకు ఒక్క ‘యూ’ చాలు. మనం నువ్వు, మీరు తీసేసినా ఉన్నావు, ఉన్నారు అనే క్రియ దగ్గర దొరికిపోతాం. అయితే క్రియ లేకుండా కూడా తెలుగు వాక్యం నిలబడుతుంది. ‘మీరు ఒక రోడ్డు చివర నిలబడి ఉన్నారు’ అని అనువదించే బదులు ఇలా రాసి చూడండి: ‘రోడ్డు చివర. ఎదురుగా చిన్న ఇటుకల కట్టడం. చుట్టూ అడవి.’ నువ్వూ లేదు, మీరూ లేదు, ఆట వాతావరణం కూడా వచ్చేసింది. తప్పనిసరైన చోట మీరు అనండి. అవతల కూర్చున్నది పదేళ్ళ పిల్లో అరవయ్యేళ్ళ పెద్దాయనో మనకు తెలియదు.

మీరు అడగని మాట ఒకటి చెప్పాలి, నాకు చాలా నచ్చిన విషయం. 1970ల నడుమ విల్ క్రౌథర్ మొదలుపెట్టి, 1977లో డాన్ వుడ్స్ పెంచిన ఈ ఆట పీడీపీ-10 అనే ఆనాటి పెద్ద కంప్యూటర్ మీద పుట్టింది. దాని మెమరీలో ఒక్కో గడికి 36 బిట్లు (బిట్ అంటే ఒక సున్నా లేదా ఒకటి), అంటే ఏడేసి బిట్ల ఇంగ్లీషు అక్షరాలు ఐదు పట్టి, ఒక బిట్ మిగులుతుంది. ఆట కూడా ప్రతి మాటలో మొదటి ఐదు అక్షరాలే చూస్తుంది. అందువల్ల దానికి ‘నార్త్’కూ ‘నార్త్‌ఈస్ట్’కూ తేడా తెలియదు, రెండోదాన్ని ‘ఎన్ ఈ’ అని పొట్టిగా కొట్టాల్సిందే. మనకు ఆ బాధ లేదు. ఈశాన్యం, ఆగ్నేయం, నైరుతి, వాయవ్యం: మూలలకు వేరే పేర్లున్నాయి.

మాట మొదలు మాత్రమే చూసే పద్ధతి ఇంకో రకంగానూ మనకు కలిసొస్తుంది. విభక్తులు చివర చేరతాయి కనుక దీపం, దీపాన్ని, దీపంతో అన్నింటికీ మొదట ‘దీప’ ఉంటుంది, ఎలా కొట్టినా ఆట పట్టేస్తుంది. ఔపవిభక్తికాల దగ్గర, అంటే విభక్తి చేరేటప్పుడు రూపమే మారిపోయే మాటల దగ్గర మాత్రం ఇది చెల్లదు. ఇల్లు ఇంటికి అవుతుంది, ఏరు ఏటికి, గొయ్యి గోతిలో. మూడూ ఈ ఆటకు కావలసినవే. వీటికి రెండేసి రూపాలు ఆట గుర్తించే మాటల పట్టికలో విడిగా చేర్చండి.